అమ్మల పేర్లు లేని వంశవృక్షం

ష్కోదర్,
ఆదివారం సాయంత్రం

అమ్మకు నీ వితోరె రాసేది. ఇక్కడ నాన్నా నేనూ కులాసా. ఇటలీలో నువ్వూ అక్కా పసిపాపా కూడా అలాగే ఉన్నారనుకుంటాను. పాపకు నీ ముక్కు వచ్చిందని మురిసిపోతూ రాశావు. పాపం, దాని ఖర్మ.

నాన్న వంట నేర్చుకున్నాడా అని అడిగావు. నేర్చుకున్నాడు, చిక్కుడు గింజల పులుసు ఒక్కటే. అందుకే నేను ఆసుపత్రిలో తిని వస్తున్నాను.

నా కొత్త పనేమిటో అర్థం కాలేదన్నావు. ముసలితనంలో మతి పోయే జబ్బు కొన్ని కుటుంబాల్లో రక్తం వెంట దిగుతుంది. దాని మీద పరిశోధన ఇన్నాళ్ళూ ఎక్కువగా పెద్ద దేశాల వాళ్ళ రక్తంతోనే జరిగింది. వాళ్ళకు పనిచేసే మందు మనకు పనిచేస్తుందో లేదో చెప్పేవాళ్ళు లేరు. అందుకని మన దేశం వాళ్ళమూ, పక్కనున్న కొసొవో, మాంటెనీగ్రో డాక్టర్లూ కలిసి ఒకే పద్ధతిలో కుటుంబాల వివరాలూ రక్తమూ సేకరిస్తున్నాం. కొండ ఊళ్ళు తిరిగి రక్తం తీసే పని నాది.

పోయిన వారం నీకు కాబోయే చిన్నల్లుడు లెక వాళ్ళ ఊరు వెళ్ళాం. అక్కడ ప్రెంగ్ తాత కళ్ళు మూసుకుని పన్నెండు తరాల తాతల పేర్లు గడగడా అప్పజెప్పాడు. ఒక్క ఆడపేరు లేదు. అమ్మల పేర్లేవని మాతో వచ్చిన డాక్టరమ్మ అడిగింది.

"ఆడవాళ్ళు బయటి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు తల్లీ, వాళ్ళని ఇందులో ఎందుకు కలుపుతాం?" అన్నాడు.

"మరి జబ్బు ఏ గుమ్మంలోంచి వచ్చిందో ఎలా తెలుస్తుంది తాతా?" అన్నాను.

ఆయన మీసం సవరించుకుని వంటింటి వైపు చెయ్యి చూపించాడు.

అక్కడ ఆయన భార్య రోజ, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఉన్నారు. మీ పుట్టిళ్ళలో ఎవరికైనా మతి పోయిందా అని అడిగితే అందరూ గిన్నెల్లోకి చూశారు. అవునంటే ఆ ఇంటి పిల్లల్ని ఎవరు చేసుకుంటారు?

అమ్మా, ఫోనులో చెప్పలేకే ఈ ఉత్తరం. వాళ్ళ భయం చూసి నేనే నోరు విప్పాను. మా అమ్మమ్మ దిలెకు అదే జబ్బు, చివరికి కన్నకూతుర్నే ఎవరు నువ్వని అడిగేదని చెప్పేశాను. తాతయ్య పోయిన దిగులుతో అలా అయిందని నువ్వు ఊరంతా చెప్పుకున్నదీ, నాచేత ఒట్టు వేయించుకున్నదీ గుర్తుండే చెప్పాను.

రోజ చేతులు తుడుచుకుంది. "మా అమ్మకీ అంతే. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళయ్యేదాకా మేడ మీద గదిలోంచి బయటికి రానివ్వలేదు," అంది.

ఆ తర్వాత మరో ఇద్దరు చెప్పారు. అందరి పుట్టిళ్ళూ అమ్మమ్మ పుట్టిన లోయలోనే. కొసొవో వాళ్ళు రాసుకున్న కుటుంబాల్లోనూ ఆ లోయ పేరే ఉందట.

ఆ వంటింట్లోనే లెక వాళ్ళమ్మ మరీజ కూడా ఉంది. కాఫీ కప్పు కింద పెట్టి వెళ్ళిపోయింది. ఇవాళ నిశ్చితార్థం ఉంగరం తెస్తామన్నవాళ్ళు రాలేదు. ఇప్పుడే తొందర లేదని కబురు పంపారు. లెక ఫోను ఎత్తడం లేదు. పెళ్ళి ఎప్పుడని అడిగావు కదా, జవాబు ఇదీ. చాలా ఏడ్చాను.

నీకు కోపం వస్తే తిట్టు, పడతాను. కానీ అమ్మమ్మది దిగులని ఇక అనకు. తలుపులు మూసుకుని, ఆమె నోట్లో ముద్ద పెడుతూ అంతా ఒక్కదానివే మోశావు. అవతలి కొండ మీద రోజ కూడా అలాగే మోస్తోందని నీకెవరూ చెప్పలేదు.

అమ్మమ్మ రక్తం ఇక దొరకదు. నీది కావాలి. వద్దంటే బలవంతం లేదు. ఒప్పుకుంటే మాత్రం, నువ్వు ఇంటికి వచ్చాక ఇంకెవరినీ తీయనివ్వను. నీ చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని నేనే తీస్తాను.

ఇట్లు,
నీ మాట దాటిన చిన్నకూతురు
వితోరె