లోపం గడిలో ఎంత వేయాలి

2007 జూన్ 10, ఆదివారం

తమ్ముడు శ్రీను హైదరాబాద్ నుంచి తెచ్చిన, కథ చెప్పుకుంటూ ఆడే ఆట కాగితాల్లో అన్నీ యుద్ధవిమానాలే. మా కథలో ఉన్నది ఇప్పుడే నేర్చుకునే పిల్లలు... వాళ్ల చేతికి ఇవి ఇస్తే మొదటి వారమే అందరూ చస్తారు. చిన్న శిక్షణ విమానం కావాలి. నేనే తయారు చేయాలి. ఫిజిక్సు చెప్పి బతికేదాన్ని, ఆ మాత్రం చేతకాదా.

పాచికలూ లేవు. అమ్మ అష్టాచెమ్మా గవ్వలు ఆరు తీసుకున్నాం.

జూన్ 12, మంగళవారం

గద్వాల బస్టాండు ఎదుట కుట్టుమిషన్లు బాగుచేసే బషీర్ చాచా ఒకప్పుడు మిలటరీలో విమానాల ఫిట్టరట. ఇన్నేళ్లూ నాకు తెలియదు. బాగానే ఉన్న అమ్మ మిషను పట్టుకుని వెళ్లాను.

"పోరలు నేర్సుకునే ఇమానమా? పదకొండేండ్లు దాన్నే జూసిన."

పక్కపక్కన రెండు సీట్లు. ఇద్దరి ముందూ విమానం తిప్పే స్టిక్కు. తప్పు చేసినా జరసేపు ఓర్చుకుంటదట. "పిల్లల కోసం కట్టింది గద, ఓపిక ఉంటది."

మిషనుకు నూనె వేసి ఇచ్చాడు. ఎందుకు తెచ్చానో అడగలేదు.

జూన్ 14

వనపర్తి బస్సు. జూరాల డ్యాము మీద, ఒళ్లో కాగితం పెట్టుకుని గడులు గీశాను. వేగం. ఎక్కడం. దిగడం. ఓపిక — ఇది శ్రీను తెచ్చిన కాగితాల్లో లేదు, చాచా మాట మీద నేను పెట్టింది. చివరి గడి లోపం. నడిపేవాడి తప్పేమీ లేకుండా విమానమే ఎంత తరచుగా చెడాలి అని. ఆత్మకూరు దాకా ఆలోచించాను, తోచలేదు.

ప్రస్తుతానికి — ఆరు గవ్వలూ బోర్లా పడితే చెడినట్టు.

జూన్ 17, ఆదివారం

ఆట చూసి, చాయ్ తాగి పోతానని ఇంటికొచ్చిన చాచా మూడు గంటలు కూర్చున్నాడు. శ్రీను ఆట చెప్పాడు: "అక్క కథ చెప్తది. మనం ఏం చేస్తమో మనం చెప్తం. అయిందా కాలేదా గవ్వలు చెప్తయి."

ఎక్కే ముందు చుట్టూ తిరిగి చూడాల్సిందేనన్నాడు చాచా. రెక్క, తోక, టైరు, నూనె. లేని విమానం చుట్టూ మా నడింట్లో నిజంగానే తిరిగాడు, శ్రీనును వెంట తిప్పాడు. నవ్వొచ్చింది, నవ్వలేదు.

ఎన్నిసార్లు ఎగిరినా విమానం ఒక్కసారీ చెడలేదు. శ్రీనుకు పండగ. చాచా ముఖం మాత్రం బాగాలేదు. "ఎన్నడు చెడిపోనిది ఇమానమెట్లయితది?"

జూన్ 18

గవ్వలు వందసార్లు విసిరాను. ఆరూ బోర్లా... ఒక్కసారి కూడా లేదు. గవ్వ కూడా రూపాయి బిళ్లలాగే సగం సగం పడుతుందనుకుని లెక్కేశాను. మా గవ్వలు నోరు పైకే ఎక్కువ పడతాయి. అమ్మ ఒకటే నవ్వు. "చిన్నప్పటిసంది ఆడుతున్నవ్, గిది తెల్వదా?" ఎమ్మెస్సీ గంగలో కలిసింది.

లోపానికి ఇక చీటీలు. గ్లాసులో ఇరవై వేస్తాను, ఎగిరిన ప్రతిసారీ ఒకటి తీయాలి. ఎన్నింటి మీద లోపం అని రాయాలో చాచానే అడగాలి.

జూన్ 21

అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. తర్వాత — నేర్చుకునే పిలగాడు ఒకడు పొద్దున ఒక్కడే ఎగిరాడట. తిరిగి రాలేదు. "ఇమానం బాగున్నదని నేనే సంతకం వెట్టిన." పెద్ద ఆఫీసర్లు వచ్చి చూశారు. విమానంలో లోపం లేదు, పిలగాడిదే తప్పు అని రాశారు.

"నేను బతికిపోయిన. వాళ్ల నాయన వచ్చిండు. ఆ కాగితం సదివి, తలకాయ దించుకొని పోయిండు."

నిజంగా ఏం జరిగింది చాచా, అన్నాను. తెల్వదన్నాడు.

"సున్న ఏస్తే పోరనిది తప్పు. ఏదన్న ఏస్తే నాది గావచ్చు. నీ ఇష్టం."

జూన్ 22

సున్నా వేశాను. కొట్టేశాను.

జూన్ 23

మళ్లీ సున్నా. ఆట కాగితమే కదా. ముసలాయనను ఎందుకు బాధపెట్టాలి.

జూన్ 24, ఆదివారం

చాచా ముందే వచ్చాడు. అద్దాలు పెట్టుకుని గడులన్నీ వేలు పెట్టి చదివాడు. చివరి గడి దగ్గర ఆగాడు. జేబులోంచి పెన్ను తీశాడు. సున్నా కొట్టేసి ఒకటి వేశాడు, పక్కన ఉర్దూలో సంతకం.

"నాకు తెల్వదు బిడ్డా. తెల్వనప్పుడు సున్న ఎట్లేస్తం?"

"మీ మీదికొస్తది గద చాచా."

"రానీ. ఇన్నేండ్లు వాని మీదనే ఉండె."

ఏడుపొచ్చింది. లోపలికి పోయి చాయ్ పెట్టాను. వచ్చేసరికి ఒక చీటీ మీద తనే లోపం అని రాసి, మడిచి, గ్లాసులో వేసేశాడు. వచ్చే వారం ఆటలో పిలగాడి సీట్లో తాను కూర్చుంటాడట. ఒక్కడే ఎగురుతాడట. ఈ రోజు ఆడలేదు.

జూన్ 25

ఇరవై చీటీలు. పందొమ్మిది ఖాళీ. ఆ ఒక్కటి పారేస్తే ఎవరికీ తెలియదు.

పారేయలేదు. ఆదివారం అదే చేతికొస్తే తర్వాత కథ చెప్పాల్సింది నేను. చాచా ఎదురుగా కూర్చుని ఉంటాడు... ఏం చెప్పాలి?