లేచిన ముల్లు

అమ్మకు నమస్కారాలు. ఇద్దరం కులాసా.

నేను ఆయనతో నోరు విప్పడం లేదని బెంగపడ్డావుగా, విను. మా షెడ్డుకు వచ్చిన మొదటి కారు ఎంత నడిచినా ఇంజను వేడెక్కదు, వేడి చూపే ముల్లు లేవదు. సాయంత్రానికి బాగుకాకపోతే వేరేచోటికి తీసుకుపోతానన్నాడు కారాయన. మా ఆయనకు టీ ఇవ్వబోయి రేడియేటరు గొట్టం మీద చెయ్యి వేశాను. ఇంజను అప్పుడే స్టార్ట్ చేశారు, గొట్టం అంతలోనే వెచ్చబడుతోంది.

"మూత లేకపోతే ఎసరు మరుగుతుందా అండీ?" అన్నాను.

ఆయన వెంటనే థర్మోస్టాట్ విప్పారు. ఇంజను కాగేదాకా నీళ్లను రేడియేటరులోకి పోకుండా ఆపాల్సిన ఆ మూత తెరుచుకున్నట్టే బిగుసుకుపోయింది. కొత్తది వేశాక ముల్లు సగానికి లేచింది. "ఇన్నాళ్లూ ఈ నోరెక్కడ దాచావే?" అని ఒకటే నవ్వు.

షెడ్డులో చేతుల గ్రీజు తుడుచుకోవడానికి నీ పాత నూలు చీరలు పంపు. నాన్న దగ్గు తగ్గిందా? తమ్ముడికి ముద్దులు. ఇదుగో, రెండో కారు బానెట్ ఎత్తి, "ఏమోయ్, చెయ్యి వేసి చూద్దువుగాని రా" అంటున్నారు. వస్తున్నానండీ అని వినపడేలాగే అన్నాను.

నీ కూతురు