చర్చికి రెండు తాళాలు

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ తర్వాత పాస్టరు ఎవరన్న గొడవలో మన మంచిర్యాల సంఘం రెండుగా చీలింది. చర్చి తలుపుకు రెండు వర్గాలూ చెరో తాళం వేశాయి.

ఈ ఆదివారం అందరూ వాకిట్లోనే నిలబడ్డారు. చీలిన రెండు రాజ్యాలకు గుర్తుగా యెహెజ్కేలు ప్రవక్త చేతిలో రెండు కర్రలు ఒక్కటయ్యే బైబిలు ప్రవచనం నువ్వు ఎన్నిసార్లో బోధించావు. దాన్నే చర్చి మెట్ల మీద నిలబడి చదివాను. కొందరు కళ్లు తుడుచుకున్నారు. నాకు ధైర్యం వచ్చింది.

"చీలిన రాజ్యాలనే దేవుడు కలుపుతనన్నడు. మనం కలిసి కూసోలేమా? తాళాలు తీయుండ్రి" అన్నాను.

"ముందుగాల వాళ్లను తీయమను బిడ్డా" అన్నాడు సంఘ పెద్ద రాజయ్య. అవతలి వాళ్లూ అదే మాట అన్నారు.

ఎండ ముదిరింది. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఒక్కదాన్నే ప్రార్థన చేశాను. చివర సంఘమంతా చెప్పే ఆమేన్ కూడా నేనే అన్నాను.