కిరాయి ఇంట్లో అత్తమ్మ

హుజూర్‌నగర్ దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీ వాడ నుంచి

అన్నకు, వదినకు చంద్రమ్మ దండాలు పెట్టి రాసేది. మీరూ పిల్లలూ ఒంట్లో బాగున్నారని, వదిన నడుము నొప్పి ఈపాటికి తగ్గిందని అనుకుంటున్నాను. ఇక్కడ మేమూ ఉన్నాం. మీ బావకు రోజూ పని దొరుకుతోంది, ఆ విషయంలో నువ్వు దిగులు పెట్టుకోకు. నిజంగానే చెబుతున్నాను, దిగులు పెట్టుకోకు.

ఇక్కడి ఎండలు ఎట్లా ఉన్నాయని అడిగావు. మన ఆత్మకూరు ఎండల్లాంటివే, కాకపోతే ఎండకు తోడు సిమెంటు దుమ్ము. ఉతికి ఆరేసిన చీర సాయంత్రానికి గరుకెక్కుతుంది. ఇవి కాలువ నీళ్ల ఊళ్లు కదా, అందరూ వరి అన్నమే తింటారు. నేను జొన్నరొట్టె కొడుతుంటే పక్కవాళ్లు వచ్చి వింతగా చూస్తారు. చూసుకోనీ, నేను మాత్రం మానలేదు. మన వైపు నుంచి ఎవరైనా ఇటు పనికి వస్తుంటే కాసిన్ని జొన్నలు పంపు. అత్తమ్మకు రొట్టె ముక్క తప్ప ఇంకేదీ నోటికి ఎక్కడం లేదు.

అసలు అత్తమ్మ సంగతి రాయడానికే కూర్చున్నాను. రాయలేక ఎండలని, జొన్నలని తిరుగుతున్నాను.

ఆమెకు కడుపులో గడ్డ అని ఇదివరకే రాశాను కదా. పోయిన నెల పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు మీ బావను పక్కకు పిలిచి, ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపోయి అడిగింది పెట్టండి అన్నాడు. బస్టాండుకు వచ్చాక మీ బావ మెట్ల మీద కూలబడి, "ఏ ఇంటికి తీస్కపోవాలె?" అన్నాడు. ఊళ్లో వాళ్ల ఇల్లు వానలకు కూలింది, ఆ జాగా అమ్ముకునే కదా మేం ఇక్కడికి వచ్చింది. అయినా ఆ మాట నాకప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. ఉన్నాం కదా ఒక ఇంట్లో అనుకున్నాను.

ఉన్నది వరసగా కట్టిన అర్రల్లో ఒకటి. కిటికీ లేదు, గాలి రావాలంటే తలుపు తీసి పెట్టాలి. చివరి అర్రలో ఓనరమ్మ ఉంటుంది, ఒంటరి మనిషి, చెడ్డది కాదు. మొన్న అత్తమ్మకని గిన్నెలో జావ పట్టుకొచ్చి, నన్ను మురుగు పారే మోరీ దగ్గరికి పిలిచింది.

"తప్పుగ అనుకోకు చంద్రమ్మా. ముసలామె ఈడ పోయిందనుకో, అర్రలన్నిటికి మైల. నచ్చత్రం మంచిది కాకుంటే నెలలకు నెలలు తాళం ఏస్కోవాలె. ఉన్నోళ్లందరు ఖాళీ చేసి పోతరు. గీ కిరాయిల మీదనే నేను బతికేది. గడియ దగ్గరపడ్డదనిపిస్తే జర ముందుగాలనే యాడికన్నా తీస్కపోండ్రి."

చెప్పి ఆమే కళ్లు తుడుచుకుంది. నా నోటికి మన ఊళ్లో ఉన్న పేరు నీకు తెలుసు. ఆ రోజు మాత్రం జావ తీసుకుని లోపలికి వచ్చాను.

మా వాడకు ఎదురుగానే ఫ్యాక్టరీ క్వార్టర్లున్నాయి. పెద్ద పెద్ద కిటికీలు, ఇంటింటికీ నీళ్ల నల్లా. కొన్నింటికి ఇంకా మనుషులే రాలేదు, తాళాలు వేసి ఉన్నాయి. అవి పర్మినెంటు వాళ్లకు. మీ బావ కాంట్రాక్టు కింద బస్తాలు మోస్తాడు. ఆ మధ్య గేటు మీటింగులో యూనియన్ నాయకుడు ఇటువంటి ఇండ్లు లోకంలోకి ఎట్లా వచ్చాయో చెప్పాడు. ఆడవాళ్లం వెనక కూర్చుని విన్నాం.

"ఇంగ్లండుల మిల్లు కూలోళ్లు ఒక్క అర్రల రెండు మూడు కుటుంబాలు ఉండేటోళ్లు. మోరీ లేదు, మంచినీళ్లు లేవు. కలరా వచ్చి కుప్పలు కుప్పలు సచ్చిండ్రు. ఎవ్వడన్న పట్టించుకున్నడా? ఆ కలరా దొరల బంగ్లలకు పోయినంకనే చట్టాలు పుట్టినయి. కూలోని ఇంటికి కిటికీ ఉండాలె, నల్లా ఉండాలె అని అప్పుడు తెలిసింది. మన దేశంల మిల్లులొచ్చినంక గూడ గట్లనే. అడిగితే ఇయ్యలే, భయపడి ఇచ్చిండ్రు."

అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఇప్పుడు ఆయన కనబడితే ఒకటి అడగాలని ఉంది. కిటికీ సంగతి రాశారు, నల్లా సంగతి రాశారు, కూలివాడి తల్లి ఎక్కడ ప్రాణం విడవాలో ఏ చట్టంలోనైనా రాశారా అని.

మీ బావ ఆఫీసుకు పోయి, ఖాళీగా ఉన్న క్వార్టరు కొన్నాళ్ల కోసం ఇవ్వమని కాళ్లావేళ్లా పడ్డాడు. ఆఫీసరు కూర్చోబెట్టి మాట్లాడాడట. "నాకూ తల్లి ఉందయ్యా. కానీ రూలు నేను పెట్టింది కాదు. ఇవాళ నీకిస్తే రేపు అందరూ అడుగుతారు" అన్నాడట. వచ్చి మీ బావ అన్నం ముందు కూర్చున్నాడు, ముద్ద ఎత్తలేదు. ఓనరమ్మ మంచిది, ఆఫీసరు మంచివాడు. మరి తప్పు ఎవరిదో చెప్పు, తిట్టుకోవడానికైనా ఒకరు ఉండాలి కదా.

మోరీ దగ్గరి మాటలు అత్తమ్మ విననే విన్నది. ఆ మర్నాటి నుంచి ఓనరమ్మ నీళ్లకు వచ్చే వేళకు నన్ను పిలుస్తుంది. లేపి గడప దగ్గర గోడకు ఆనించి కూర్చోబెట్టమంటుంది, తల దువ్వి బొట్టుబిళ్లంత పసుపు చెంపలకు రాయమంటుంది. ఓనరమ్మ కనబడగానే గొంతు పెంచి, "ఇయ్యాల రెండు రొట్టెలు తిన్న. ఎండలు తగ్గినంక యాదగిరిగుట్టకు పోదాం, నువ్వు గూడ రా" అంటుంది. ఓనరమ్మ నిన్న ఎంత సంతోషపడిందో! ముసలామె కోలుకుంటోందని వాడంతా చెప్పింది. ఆమె అటు తిరగ్గానే అత్తమ్మ నా చేతుల్లోకి ఒరిగిపోయింది. బట్టలో చుట్టిన పుల్లల్లాగా ఉంది.

ఏ దేవుడికి ఏమని మొక్కుకోవాలో తెలియడం లేదు అన్నా. ఇంకొన్నాళ్లు ఉండాలని మొక్కితే ఆ బాధ చూడలేను. తొందరగా పోవాలని మొక్కితే పోవడానికి చోటు లేదు.

అందుకే అడుగుతున్నాను. నీ కొట్టం పక్కన ఖాళీగా ఉన్న అర్రలో ఆమెను ఉంచనిస్తావా? అత్తను తన పుట్టింట్లో చావనివ్వమని అడిగే ఆడపడుచు లోకంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. వదినను అడగకుండా ఒప్పుకోకు, మైల పట్టేది ఆమె పొయ్యికి. వద్దంటే వద్దని రాయి, నేనేమీ అనుకోను. బస్సులో అంత దూరం ఆమె తట్టుకుంటుందో, నీ జవాబు వచ్చేదాకా ఉంటుందో, అదీ తెలియదు. పెద్దనాయినకు, చిన్నమ్మకు నా దండాలు చెప్పు.

ఇంతవరకు రాసేసరికి అత్తమ్మ పిలిచింది.

"ఎవలకు రాస్తున్నవు బిడ్డా?"

"మా అన్నకు."

"ఏమని?"

"బాగున్నమని."

నేను రాస్తున్న కాగితం మీద చెయ్యి పెట్టింది. "మీ అన్నను జాగ అడగకు. పుట్టింటికి మైల తీస్కపోయిందన్న పేరు నీకొద్దు. నీ ఇల్లు సల్లగుండాలె కొడుకా, అని నేనన్ననని రాయి. గంతే రాయి."

అడగడం అప్పటికే అయిపోయింది. కొట్టేద్దామంటే చెయ్యి రాలేదు. ఆమె చెప్పింది కూడా రాస్తున్నాను. నీ ఇల్లు చల్లగా ఉండాలట అన్నా.

మీ దీవెనలు కోరే చెల్లెలు,
చంద్రమ్మ