తమ్ముని పేరులో ఆరేండ్లు

క్యాంపు, జనవరి 6

ప్రియమైన ఊర్మిలకు,

మన ఊరి మునావర్ వచ్చే వారం రెండు నెలల సెలవు మీద కోరుట్లకు వస్తున్నడు. ఈ ఉత్తరం అతని చేతికిస్తున్న. ఫోన్ల మాట్లాడితే రూంల ఏడుగురు వింటరు, వాళ్ళకు నేను భాస్కర్‌నే కదా. ఈ గల్ఫ్‌ల నా మీదున్న పాత కేసు వల్ల నా పేరు మీద మళ్ళ రానియ్యరని, తమ్ముని పేరు మీద పాస్‌పోర్టు చేయించుకొని వచ్చి ఆరేండ్లాయె.

నిన్న టీవీల ఒక ఇంగ్లీషు సీరియల్ చూసినం. వేరే గ్రహం వాళ్ళకు ఒళ్ళుండదు. మనుషుల్లో దూరుతరు, ఒకరిలోంచి ఇంకొకరిలోకి దుంకుతరు. వాళ్ళల్ల ఒకడు ఒక డ్రైవర్ ఒంట్ల ఇరుక్కపోయిండు. డ్రైవర్ భార్య అన్నం పెడుతుంటే ఎటు చూడాల్నో తెలవక కూసున్నడు. రూంల అందరూ నవ్విండ్రు, నాకు నవ్వు రాలేదు. సగంల డ్యూటీ బస్సొచ్చింది, ఆఖరు చూడలే.

మన బిడ్డ మనీషా ఫోన్ల నన్ను చిన్నాయినా అంటే పానం పోయినట్టయితది. నేర్పింది మనమే, ఎవరి మీద కోపం చేయాలె? తమ్ముడు ఫోన్ ఎత్తుతలేడు. ఎట్లున్నడు?

ఇట్లు,
నీవాడు

కోరుట్ల, జనవరి 27

మనీషా బాపుకు ప్రేమతో,

బీడీల చాట ఒళ్ళో పెట్టుకొనే నీ ఉత్తరం చదివిన. సీరియల్ కథ మనీషాకు చెప్పిన. ఆ డ్రైవర్ లోపల మేల్కొనే ఉన్నడా అని అడిగింది. ఆఖరుకు ఏమైందో కనుక్కొని రాయి.

మీ తమ్ముడు బాగనే ఉన్నడు. సిరిసిల్లల మగ్గాల చప్పుడుకు ఫోన్ వినపడదు. తోడికోడలు స్వప్న కొన్ని రోజులు నాకు తోడుగ ఉంటనని వచ్చింది. ఇద్దరం కూసొని బీడీలు చేస్తున్నం. నువ్వు ఫికర్ చెయ్యకు.

నీ ఊర్మిల

క్యాంపు, మార్చి 3

ప్రియమైన ఊర్మిలకు,

మా రూంల ఉండే ఒవైస్ ఆ కథ మొత్తం చూసిండట. ఇరుక్కున్నోడు ఆ మనిషి చచ్చిపోతెగాని బయటికి రాడంట. అది విని సగం అన్నంల లేచిన.

ఇక్కడ క్షమాభిక్ష ఇస్తున్నరు. కాయిదాలు సరిగ లేనోళ్ళు ఏప్రిల్ లోపు పోయి చెప్పుకుంటే జైలు లేకుండ ఇంటికి పంపిస్తరు. నా పేరు చెప్తే పాత కేసు లేస్తదని భయం. భాస్కర్‌గనే వస్త. వీసా గడువు అయిపోయింది, పాస్‌పోర్టు పాత కంపెనీ కాడనే ఉండిపోయింది, కొత్త కాయిదానికి తమ్ముని ఆధార్ నకలు పంపు. వానితోని ఒకసారి మాట్లాడిపియ్యి. ఆర్నెల్లాయె వాని గొంతు విని.

ఇట్లు,
నీవాడు

కోరుట్ల, మార్చి 15

ప్రియమైన మార్కండేయులుకు,

పెండ్లయి పదకొండేండ్లు. నీ పేరు నోటితోని అనలేదు, చేతితోని రాయలేదు. ఇయ్యాల రాసిన.

భాస్కర్ లేడు. దసరా అయిన వారానికి మగ్గం కాడనే గుండె పట్టుకొని పడిపోయిండు. నీకు అబద్ధం రాసిన, నన్ను ఏమన్నా అను. ఆ రూంల నువ్వే భాస్కర్‌వి. భాస్కర్ పోయిండని ఎవరికి చెప్పుకొని ఏడుస్తవనుకున్న.

చావు కాయిదం కూడ తీయలేదు. బావ అక్కడ చిక్కుతడని స్వప్ననే వద్దన్నది. ఐదు నెలల సంది బొట్టు లేకుండ తిరుగుతున్నది, కాయిదాల మీద మాత్రం ఆమె మొగడు గల్ఫ్‌ల పని చేస్తున్నడు. పింఛనుకు పోలేదు. ఒక్కనాడు నన్ను ఒక్క మాట అనలేదు.

జగిత్యాలల వకీలును అడిగిన. అసలు పేరు చెప్పుకుంటేనే మేలన్నడు. పాత కేసు సంగతి గట్టిగ చెప్పలేకపోయిండు. నాకూ భయమే. అయినా చెప్పు.

ఆ మనిషి పోయిండు. ఇగ నువ్వు బయటికి రా. భాస్కర్ పేరు స్వప్నకు ఇచ్చెయ్యి.

ఈ ఉత్తరం రేపు మునావర్ తెస్తడు. ఆదివారం ఫోన్ చేస్తం. రూంల ఏడుగురూ విననీ. మనీషా నిన్ను బాపూ అని పిలుస్తది. పలుకు.

నీ ఊర్మిల