నీళ్లు జోరుగా దిగిన వారం

నిజాంపట్నం,
శుక్రవారం.

చిరంజీవి నాగశివకు అమ్మ దీవించి రాయించేది.

నేను చెబుతుంటే నీ పెళ్లాం రాస్తోంది. ఇక్కడ అందరం కులాసా అని మొదలుపెట్టమంటే దాని కలం కాస్త ఆగింది. సరే, రాశాక కొట్టేయడమెందుకు, ఉండనీ. మన వీధి బ్రహ్మాజీ రేపు బయల్దేరి మంగళూరు వచ్చి మీ చేపల బోటే ఎక్కుతున్నాడు, ఈ ఉత్తరం అతని చేతికిస్తాను. ఫోన్లో చెబుదామంటే నువ్వు సముద్రం మీద ఉంటావు, ఒడ్డుకొచ్చిన రోజున నాకు నోరు పెగలదు.

మీ నాన్న మోకాలి సంగతి అడిగావు. పరవాలేదు, వల అల్లేచోటికి నడిచి పోతున్నాడు. పాప గోడ పట్టుకుని నిలబడుతోంది. ఫిల్టరు పెట్టాక నీళ్లలో ఉప్పదనం పోయిందా అన్నావు. పోలేదు, పోదు కూడా. అందులో ఉండే క్యాండిల్ తెల్లమట్టి కాల్చి చేసిన బోలు గొట్టం. ఒంటినిండా కంటికానని రంధ్రాలు. నీళ్లు చెమట పట్టినట్టు వాటిలోంచి కింది డబ్బాలోకి దిగుతాయి. బురద, రోగాల పురుగులు పైనే ఆగిపోతాయి. ఉప్పు నీళ్లలో కరిగిపోయి ఉంటుంది, దాన్ని అది ఆపలేదు. పొలాల్లో కొట్టే మందునూ ఆపలేదు. అందుకని బోరు నీళ్లు కాక, మంచినీళ్ల చెరువు నీళ్లు పటికతో తేర్చి పోయాలి.

ఇవన్నీ అమ్మకెలా తెలుసని నవ్వకు. తెనాలిలో తెలిశాయి. ముందు ఇంకో మాట చెప్పాలి. పోయిన నెల పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. కళ్లు లోపలికి పోయాయి, ఏడిస్తే కన్నీళ్లు రాలేదు. రేపల్లె ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. నీకు చెప్పొద్దన్నది నేనే. ఇప్పుడు బిడ్డ బాగుంది. బాగాలేనిది నీ పెళ్లాం. పాలగిన్నె సరిగా మరిగించలేదని, తన చేతి వల్లే బిడ్డకు ముంచుకొచ్చిందని దాని నమ్మకం. "నేను పెట్టనత్తా, మీరే పెట్టండి" అని బిడ్డను నాకిచ్చి పక్కకు పోతుంది. గిన్నెలు మరగబెట్టి మరగబెట్టి వేళ్లు కాల్చుకుంది. తిండి మానేసి సగమైంది. రాయవే, ఇది కూడా రాయి.

ఆసుపత్రి నుంచి వచ్చాక కాచిన నీళ్లే తాగుతున్నాం, ఫిల్టరు మూత ఎవరూ తీయలేదు. ఆ ఫిల్టరు మీద నాకే ఒక అనుమానం పట్టుకుంది. మంగళవారం ఎండుచేపలు అమ్ముకొస్తానని రేపల్లెలో తెనాలి రైలెక్కానా, ఆ తట్టలో చేపల కింద క్యాండిల్ ఉంది. కొన్న కొట్టుకే తీసుకెళ్లాను. కొట్టు పూర్ణచంద్రరావు దాన్ని వెలుతురుకి పట్టి, "దీన్నెలా కడుగుతున్నారండి?" అన్నాడు.

"కొబ్బరిపీచు, ఇటుకపొడి పెట్టి. ఆనక తడి దులపడానికి రాయి మీద రెండు దెబ్బలు" అన్నాను. కత్తిపీట, తట్టలు, దీపం కుందులు, శుక్రవారం మనింట్లో తోమకుండా వదిలేది ఏముంది?

ఆయన అడుగున గోరు పెట్టి చూపించాడు. వెంట్రుకంత బీట. "ఇది ఎంత మెల్లగా దిగితే అంత మంచిదమ్మా. మెత్తటి గుడ్డతో ఒట్టి నీళ్లలో తుడవాలి, అంతే. ఉన్నట్టుండి జోరుగా దిగిందంటే పగిలిందని లెక్క. బీటలోంచి పోయిన నీళ్లు వడగట్టనట్టే" అన్నాడు.

జోరుగా దిగినప్పుడు నేనేం చేశానో తెలుసా నాయనా. నా చేతిలో పడితే మట్టికి కూడా చురుకొచ్చిందని వీధంతా చెప్పుకున్నాను. ఆ వారమే పాప పడిపోయింది. ఆ నీళ్లు పట్టించింది నేనే.

మంగళవారం నుంచి నోరు విప్పలేదు. చెబితే నీ పెళ్లాం బిడ్డను మళ్లీ నా చేతికివ్వదని భయం. దానికి ఎదురుగా చెప్పే ధైర్యం లేక నీకు చెబుతున్నట్టు చెబుతున్నాను. లక్ష్మీ, నీ చేతిలో ఏ తప్పూ లేదమ్మా. తప్పు నాది. కలం ఆపకు, రాయి.

ఇక్కడి నుంచి రాస్తున్నది నేను, నాగలక్ష్మిని. అత్త చెప్పిందంతా రాశాను. కోపం వచ్చింది, చాలా వచ్చింది. లేచి పెరట్లోకి పోయి ఏడ్చాను. తిరిగొచ్చేసరికి అత్త గోడకు ఆనుకుని తలెత్తకుండా కూర్చుంది. పాప నిద్ర లేచి ఏడుస్తోంది. అత్త ఎత్తుకోలేదు, ఎత్తుకోనా అన్నట్టు నా వైపు చూసింది. నేనే అన్నం మెదిపి, ఇన్నాళ్ల తర్వాత నా వేళ్లతో బిడ్డకు పెట్టాను. గిన్నె ఖాళీ చేసింది. తర్వాత బిడ్డను అత్త ఒళ్లో కూర్చోబెట్టి, "మూతి తుడవండత్తా" అన్నాను.

ఇంకేం రాయమంటారని అడిగితే అత్త ఇంకా పాప మూతి తుడుస్తూనే ఉంది. బిడ్డను వదలడం లేదు.

ఇట్లు,
మీ అమ్మ వెంకటసుబ్బులు చెప్పగా,
మీ నాగలక్ష్మి.