పుదీనా సిగరెట్

ఏవండీ,

ఇవాళ మీ సంవత్సరీకం. అవనిగడ్డ నుంచి మీ తమ్ముడు వచ్చాడు. భోజనాలయ్యాక పెరట్లో సిగరెట్ వెలిగిస్తే, మీరు కాల్చినవాటి పుదీనా వాసనే వచ్చింది.

“ఇది చల్లగా ఉంటది వదినా, గొంతుకేం కాదు,” అన్నాడు. అచ్చం మీ మాటే.

మామూలు సిగరెట్లు మానేసి ఇవి మొదలెట్టాక మీ దగ్గు తగ్గిందని ఎంత సంబరపడ్డాం! ఆ చల్లదనం గొంతుకు మంట తెలియనివ్వలేదే గానీ, పొగలో విషం కాస్తయినా తగ్గలేదని డాక్టరుగారు చెప్పేదాకా మనకు తెలియలేదు. మందులాంటి వాసన పూసి ఆ సిగరెట్ల కంపెనీవాళ్ళు మనల్ని మోసం చేశారండీ.

మీ తమ్ముడికి అదే చెప్పాను.

“అన్నయ్యకి తెలుసా?” అన్నాడు.

“తెలిసేసరికి క్యాన్సరని ఆయన స్వరపేటిక తీసేశారు,” అన్నాను.

సిగరెట్ నేలకేసి నలిపేశాడు. వెళ్ళేటప్పుడు చూశాను, పెట్టె మాత్రం జేబులోనే ఉంది.